మూర్ఛవ్యాధి - మూగవ్యథ

ఉద్దేశం

మూర్ఛవ్యాధి శరీరాన్ని బాధించేది కొద్ది నిమిషాలు. సంఘం చూపువల్ల కలిగే బాధ ఏళ్ల తరబడి ఉంటుంది. ఆ రెండవ బాధ ఎక్కడ పుట్టింది, ఎట్లా పనిచేస్తుంది, దానిని తగ్గించడానికి వైద్యం, చట్టం, భాష ఏమి చేశాయి అన్న విషయాలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మనిషికి వచ్చే వ్యాధులలో కొన్ని చెప్పుకొనేవి, కొన్ని దాచుకొనేవి. మధుమేహం ఉన్నవారు పెళ్లిపందిట్లో పదిమంది ఎదుట "నాకు షుగరండీ, తీపి వద్దు" అని నిస్సంకోచంగా అంటారు. రక్తపోటు మాత్రలు ఇంటి అలమరలో అందరికీ కనబడేచోటే ఉంటాయి. మూర్ఛవ్యాధికి వాడే మాత్ర మాత్రం బియ్యం డబ్బా వెనుకకో, బట్టల పెట్టె అడుగుకో చేరుతుంది. తమ ఊరి మందుల దుకాణంలో కొంటే నలుగురికీ తెలుస్తుందని పొరుగూరు వెళ్లి తెచ్చుకొనేవారు ఉన్నారు. ఈ మూడు వ్యాధులకూ దీర్ఘకాలం మందులు వాడాలి. మూడూ మందులతో చాలామందిలో అదుపులో ఉండేవే. అంటువ్యాధి ఒక్కటీ కాదు. అయినా మూడవదానికి మాత్రమే ఈ దాపరికం ఎందుకు?

ఈ ప్రశ్న కొద్దిమందికి సంబంధించినది కాదు. ప్రపంచంలో దాదాపు 5 కోట్లమంది మూర్ఛవ్యాధితో జీవిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. వారిలో నూటికి 80 మంది అల్ప, మధ్యస్థ ఆదాయాలు గల దేశాలలోనే ఉన్నారు. భారతదేశంలో ఈ సంఖ్య కోటికి పైబడి ఉంటుందని వైద్యుల అంచనా. సకాలంలో వ్యాధిని గుర్తించి సరైన మందు వాడితే నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండా జీవించగలరని కూడ ఆ సంస్థే చెబుతున్నది. అంటే వైద్యం చేతనైనంత చేస్తున్నది. మిగిలిన బాధలో పెద్దభాగం వైద్యశాల గోడల వెలుపలిది.

ఆ వెలుపలి బాధ ఈనాటిది కాదు. క్రీ.పూ. 18వ శతాబ్దానికి చెందిన బాబిలోనియా పాలకుడు హమ్మురాబి శాసనంలో ఒక నిబంధన కనిపిస్తుంది. కొన్న బానిసకు నెల తిరగకముందే ఒకానొక వ్యాధి బయటపడితే, కొన్నవాడు ఆ బానిసను అమ్మినవానికి తిరిగి ఇచ్చి తన వెండిని తాను తీసుకోవచ్చు. ఆ వ్యాధి మూర్ఛయేనని పలువురు పండితుల అభిప్రాయం. రోమునగరంలో ప్రజాసభ జరుగుతుండగా ఎవరైనా మూర్ఛపోతే అది దుశ్శకునమని సభను రద్దుచేసేవారు. అందువల్ల ఆ వ్యాధికి లాటిన్ భాషలో 'సభావ్యాధి' అన్న అర్థం వచ్చే పేరే స్థిరపడింది. వ్యాధిగ్రస్తుణ్ణి చూసినవారు ఆ దోషం తమకు అంటకుండా ఉమ్మివేసే ఆచారం ఉండేదని ప్లినీ అనే రోమన్ రచయిత నమోదు చేశాడు. పడిపోయినవాడికి స్పృహ ఉండదు కాబట్టి ఆ ఉమ్ము అతనికి తెలియదు. తెలివి వచ్చిన తరువాత మిగతావారి ముఖాలలో అది కనిపించి ఉంటుంది.

గ్రీకులు దీనిని 'పవిత్ర వ్యాధి' అన్నారు. దేవత ఆవేశించడంవల్ల వస్తుందని వారి నమ్మకం. పేరు గౌరవంగా ఉన్నా ఫలితం వెలివేతే. క్రీ.పూ. 400 ప్రాంతంలో హిప్పోక్రటీస్ సంప్రదాయానికి చెందిన ఒక వైద్యుడు ఈ వ్యాధిమీద ప్రత్యేకంగా ఒక గ్రంథం రచించాడు. తక్కిన వ్యాధులకంటె ఇది ఎక్కువ పవిత్రమైనది కాదని, దీని స్థానం మెదడని, కారణం తెలియనివారు తమ అజ్ఞానాన్ని కప్పిపుచ్చుకొనేందుకే దైవాన్ని అడ్డుపెట్టుకొన్నారని అతడు నిర్మొహమాటంగా వాదించాడు. రెండువేల నాలుగువందల యేండ్లనాటి ఆ మాటకు ఇప్పటికీ కాలం చెల్లకపోవడం ఆ వైద్యునికి కీర్తి, తరువాతి తరాలకు కొంత సిగ్గు.

భారతీయ వైద్యులు ఈ వ్యాధికి పెట్టిన పేరు అపస్మారం. 'స్మృతి' తొలగిపోవడం అని ఆ మాటకు అర్థం. చరకసంహితలో నిదానస్థానం చివరి అధ్యాయం, చికిత్సాస్థానం పదవ అధ్యాయం అపస్మారానికి కేటాయించినవి. స్మృతి, బుద్ధి, మనస్సు కలతచెందగా రోగి వికృతమైన చేష్టలతో కొంతసేపు చీకటిలో ప్రవేశిస్తాడని చరకుడు లక్షణం చెప్పాడు. వాత, పిత్త, కఫ దోషాలను అనుసరించి మూడు, అవి మూడూ కలిసినపుడు ఒకటి - మొత్తం నాలుగు భేదాలు చూపాడు. ఔషధాలతోపాటు అతడు చెప్పిన ఒక జాగ్రత్త ప్రత్యేకంగా గమనింపదగినది. ఈ రోగిని నీటినుండి, నిప్పునుండి, చెట్లనుండి, కొండలనుండి ఎల్లవేళలా కాపాడుతూ ఉండాలట. నేటి నాడీవైద్యుడు రోగి బంధువులతో చెప్పే మాటలకూ ఈ మాటలకూ పెద్ద తేడా లేదు. ఒంటరిగా చెరువులో ఈతకు దిగవద్దని, పొయ్యిదగ్గర జాగ్రత్తగా ఉండాలని, ఎత్తైన ప్రదేశాలు ఎక్కవద్దని ఆయన కూడ చెబుతాడు.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. చరకసంహితలో అపస్మారానికి ముందున్న అధ్యాయం ఉన్మాదానికి సంబంధించినది. నిదానస్థానంలోనూ అంతే, చికిత్సాస్థానంలోనూ అంతే. చరకుడు రెండింటినీ వేర్వేరు వ్యాధులుగానే వివరించాడు. లోకం మాత్రం ఆ పొరుగుతనాన్ని చుట్టరికంగా మార్చుకొన్నది. మూర్ఛ వచ్చేవానికి మతి స్థిమితం ఉండదన్న అపవాదు ఎప్పుడు పుట్టిందో చెప్పడం కష్టం. అది ఎంతదూరం వచ్చిందో మాత్రం 1976నాటి ఒక చట్టసవరణ చూపుతుంది. ఆ సంగతి తరువాత వస్తుంది.

మరొక అపార్థాన్ని కూడ ఇక్కడే తొలగించుకోవాలి. నటరాజమూర్తి కుడిపాదం కింద అణగి ఉన్న మరుగుజ్జు రూపానికి అపస్మారపురుషుడని పేరు. శివుడు తొక్కిపట్టినది మూర్ఛరోగినని కొందరు పొరబడతారు. శైవాగమ సంప్రదాయంలో ఆ రూపం అజ్ఞానానికి, ఆత్మవిస్మృతికి సంకేతం. తనను తాను మరచిన జీవుడు అక్కడ ఉన్నాడు. జబ్బుపడిన మనిషి లేడు.

తెలుగు వ్యవహారంలో నిలిచినది 'మూర్ఛ' అన్న మాట. కావ్యాలు చదివినవారికి ఇది కొత్తది కాదు. రామాయణ యుద్ధకాండలో శక్తిఘాతానికి లక్ష్మణుడు మూర్ఛితుడయ్యాడు. అతనిని ఒడిలో పెట్టుకొని రాముడు విలపించాడు. హనుమంతుడు ఓషధి పర్వతాన్నే తెచ్చాడు. ప్రబంధనాయికలు విరహతాపంతో మూర్ఛిల్లితే చెలికత్తెలు పన్నీరు చల్లి, చిగురుటాకులతో విసరి సేదదీర్చారు. కావ్యలోకంలో మూర్ఛ అంటే చుట్టూ ఉన్నవారి ప్రేమ బయటపడే సమయం. అక్కడ మూర్ఛపోయినవారిని చూసి ఎవరూ దూరం జరగలేదు. అదే మాట వైద్యుని చీటీమీదికి వచ్చేసరికి మచ్చ అయింది. ఇండ్లలో ఆ మాటను పలకడం కూడ మానుకొన్నారు. "కళ్లు తిరిగి పడిపోయింది", "నీరసంగా ఉంది", "ఎండదెబ్బ తగిలింది" - ఇవన్నీ చాలాసార్లు ఒకే నిజానికి కప్పిన ముసుగులు. 'ఫిట్స్' అన్న ఇంగ్లీషు మాటను కూడ గొంతు తగ్గించే అంటారు.

ఇంతకూ జరిగేది ఏమిటి? మెదడులోని కోట్లాది నాడీకణాలు అతిస్వల్పమైన విద్యుత్ సంకేతాలద్వారా ఒకదానితో ఒకటి సంభాషించుకొంటాయి. ఒక్కొక్కప్పుడు కొన్ని కణాలు అదుపుతప్పి, ఒక్కసారిగా, మితిమీరి విద్యుత్తును విడుదల చేస్తాయి. 1873లో జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ అనే ఆంగ్ల వైద్యుడు మూర్ఛకు ఇదే కారణమని నిర్వచించాడు. జర్మనీకి చెందిన హాన్స్ బెర్గర్ 1924లో మానవ మస్తిష్క విద్యుత్తును తొలిసారిగా నమోదుచేసి, 1929లో ప్రకటించాడు. నేడు ఆసుపత్రులలో తీసే ఇ.ఇ.జి. దానినుండి వచ్చినదే. 1912లో ఫినోబార్బిటాల్, 1938లో ఫెనిటాయిన్ వాడుకలోకి వచ్చాయి. పుట్టినపుడు మెదడుకు తగిలిన దెబ్బ, ప్రమాదాలలో తలగాయం, మెదడువాపు, పక్షవాతం, జన్యుకారణాలు, అపరిశుభ్రమైన ఆహారంద్వారా కడుపులో చేరి మెదడుదాకా పోయే బద్దెపురుగు లార్వాలు - ఇట్లా కారణాలు అనేకం. దెయ్యం, గాలి సోకడం, చేతబడి, పూర్వజన్మ పాపం వీటిలో లేవు. ఎంత వెదకినా కారణం దొరకని సందర్భాలు కూడ ఎన్నో ఉన్నాయి. దొరకనిచోట దేవుణ్ణి పెట్టకూడదని గ్రీకు వైద్యుడు ఏనాడో చెప్పాడు.

మూర్ఛ అనగానే నేలమీద పడి, కాళ్లు చేతులు కొట్టుకొని, నోట నురగ రావడమే చాలామందికి తెలుసు. అన్ని మూర్ఛలూ అట్లా ఉండవు. తరగతిలో కూర్చున్న పిల్లవాడు హఠాత్తుగా కొన్ని క్షణాలపాటు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతాడు. పిలిస్తే పలకడు. మరుక్షణం ఏమీ జరగనట్లు మళ్లీ రాయడం మొదలుపెడతాడు. అది కూడ మూర్ఛలో ఒక రకమే. దానిని పరధ్యానమని భావించి ఉపాధ్యాయుడు మందలిస్తాడు, తోటివారు నవ్వుతారు. వ్యాధి ఉన్నదని తెలియకముందే శిక్ష మొదలవుతుంది.

సంఘం వేసే మచ్చను సమాజశాస్త్రవేత్తలు 'స్టిగ్మా' అంటారు. బానిసల, నేరస్థుల శరీరాలమీద వేసే గుర్తుకు ప్రాచీన గ్రీకుభాషలో ఆ పేరు ఉండేది. 1963లో ఎర్వింగ్ గోఫ్‌మన్ ఈ విషయంమీద వ్రాసిన గ్రంథంలో రెండు స్థితులను వేరుచేశాడు. మచ్చ పైకి కనిపించేవారు కొందరు, మచ్చ లోపల దాగి ఎప్పుడు బయటపడుతుందోనని భయపడేవారు కొందరు. మూర్ఛవ్యాధిగ్రస్తుడు ఈ రెండవ కోవకు చెందినవాడు. రోజులో 24 గంటలూ అందరిలాగే ఉంటాడు. అతని రహస్యం అతని చేతిలో లేదు. అది ఏ బస్సులోనో, ఏ పరీక్షహాలులోనో, ఏ పెళ్లిచూపులలోనో అతని అనుమతి లేకుండానే బయటపడవచ్చు.

1986లో బ్రిటన్‌కు చెందిన గ్రాహం స్కాంబ్లర్, ఆంథొనీ హాప్కిన్స్ ప్రకటించిన పరిశోధన ఈ విషయంలో ఒక మలుపు. వారు వివక్షను రెండు విధాలుగా చూశారు. ఇతరులు నిజంగా చేసిన అవమానం ఒకటి. ఉద్యోగం ఇవ్వకపోవడం, సంబంధం తప్పించుకోవడం, ఆటలో చేర్చుకోకపోవడం వంటివి ఇందులోకి వస్తాయి. అట్లా చేస్తారేమోనన్న భయం, తనమీద తనకు కలిగే సిగ్గు రెండవది. వ్యాధిగ్రస్తుల జీవితాలను ఎక్కువగా చెరిచినది రెండవదేనని వారు గుర్తించారు. ఇందులోని తర్కం చాలా క్రూరమైనది. అవమానిస్తారన్న భయంతో మనిషి వ్యాధిని దాస్తాడు. దాచాడు కాబట్టి ఎవరూ అవమానించరు. ఎవరూ అవమానించలేదు కాబట్టి దాచడమే మంచిదైందని అనుకొంటాడు. చెప్పి ఉంటే ఏమయ్యేదో అతనికి ఎన్నటికీ తెలియదు. భయం నిజమా కాదా అని పరీక్షించే అవకాశమే అతని జీవితంలో రాదు.

చాలా సందర్భాలలో ఈ భయానికి తొలి పాఠశాల ఇల్లే. "ఎవరితోనూ అనకు" అని తల్లి చెప్పే మాట ప్రేమతో చెప్పినదే. పదేళ్ల పిల్లకు అందులోని ప్రేమ అర్థం కాదు. తనలో ఏదో చెప్పరానిది ఉన్నదన్న సంగతి మాత్రం అర్థమవుతుంది. ఆ పిల్ల పెద్దదై జూనియర్ కళాశాల వసతిగృహంలో చేరిందని అనుకొందాం. మాత్ర రాత్రి తొమ్మిదింటికి వేసుకోవాలి. గదిలో మరో ముగ్గురు ఉంటారు. వాళ్లు ఏమిటని అడుగుతారని మొదట మాత్రను వాళ్లు నిద్రపోయాక వేసుకొంటుంది. పరీక్షల రోజులలో వాళ్లు నిద్రపోరు. ఒకరోజు మాత్ర తప్పుతుంది, తరువాత రెండు రోజులు తప్పుతుంది. దానికి నిద్రలేమి తోడవుతుంది. మాత్రలు మానడం, నిద్ర చాలకపోవడం మూర్ఛను తెచ్చిపెట్టే ముఖ్యకారణాలని వైద్యశాస్త్రం చెబుతున్నది. చివరకు ఏది దాచాలని ఆ పిల్ల మాత్ర మానిందో, అది మానినందువల్లనే నలుగురిలో బయటపడుతుంది.

పెళ్లి విషయంలో ఈ కథ మరింత కఠినం. మగవానికి మూర్ఛ ఉంటే "మందులు వాడుతున్నాడు, తగ్గిపోతుంది" అంటారు. ఆడపిల్లకు ఉంటే ఆ ఇంట్లో చెల్లెళ్లకు కూడ సంబంధాలు రావని దిగులుపడతారు. "పెళ్లయితే అదే తగ్గుతుంది" అని చెప్పే పెద్దలు ఉన్నారు. ఆ మాటకు ఏ ఆధారమూ లేదు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్యసంస్థ పరిశోధకులు పెళ్లికి ముందునుండే మూర్ఛ ఉన్న స్త్రీల స్థితిగతులను పరిశీలించి 2007లో ప్రకటించారు. వారిలో సగానికిపైగా వ్యాధిని దాచిపెట్టి పెళ్లి చేసుకొన్నవారే. ముందే చెప్పి చేసుకొన్నవారికంటె దాచినవారి కాపురాలే ఎక్కువగా చెదిరిపోయాయి. కొత్తకోడలు అత్తవారింట మాత్ర వేసుకోవడానికి చాటు వెదుక్కోవలసివస్తే ఫలితం అంతకంటె భిన్నంగా ఉండడం కష్టం.

పుట్టే బిడ్డల గురించిన భయం మరొకటి. ఆ సంస్థలోనే 1998లో ఆరంభమైన కేరళ మూర్ఛ-గర్భధారణ నమోదు పథకం ఎందరో స్త్రీలను గర్భం నిలిచినప్పటినుండి పరిశీలిస్తూ వచ్చింది. అత్యధికులకు ఆరోగ్యవంతులైన బిడ్డలే కలిగారు. కొన్ని మందులు, ముఖ్యంగా వాల్ప్రొయేట్, గర్భస్థశిశువుకు హాని కలిగించే అవకాశం ఎక్కువ. అందువల్ల బిడ్డను కోరుకొనే స్త్రీ ముందుగానే వైద్యుని సంప్రదించి మందును మార్చుకోవాలి. అంటే ఇక్కడ కూడ అపాయం ఎక్కువగా పొంచి ఉన్నది దాపరికంలోనే. వ్యాధి సంగతి ఇంట్లో చెప్పలేని స్త్రీ వైద్యుని దగ్గరకు ఎట్లా వెళుతుంది?

ఇక చట్టం సంగతి. 1955నాటి హిందూ వివాహ చట్టం మొదటిరూపంలో మూర్ఛ ప్రసక్తి లేదు. 1976లో చేసిన సవరణ 'ఉన్మాదం లేదా మూర్ఛ' పదేపదే వచ్చేవారిని వివాహానికి అనర్హులుగా పేర్కొన్నది. చరకుడు వేర్వేరు అధ్యాయాలలో ఉంచినవి చట్టంలో 'లేదా' అన్న ఒక్కమాటతో ఒకే ఉపవాక్యంలో చేరాయి. 1954నాటి ప్రత్యేక వివాహ చట్టంలోనూ అదే మార్పు జరిగింది. ఈ కారణంగా వివాహాన్ని రద్దుచేయమని న్యాయస్థానాన్ని కోరవచ్చు. ఫెనిటాయిన్ వాడుకలోకి వచ్చి 38 యేండ్లు గడచిన తరువాత ఈ సవరణ వచ్చిందన్నది గమనార్హం. వైద్యులు, భారతీయ మూర్ఛవ్యాధి సంఘంవారు చేసిన కృషి ఫలితంగా 1999 డిసెంబరులో పార్లమెంటు రెండు చట్టాలనుండీ 'లేదా మూర్ఛ' అన్న మాటలను తొలగించింది. ఈ విషయంలో పాశ్చాత్యులు గర్వించడానికి కూడ పెద్దగా ఏమీ లేదు. మూర్ఛవ్యాధిగ్రస్తుల వివాహాన్ని నిషేధించిన చట్టం బ్రిటన్‌లో 1970 వరకు ఉన్నది. అమెరికాలో 1970ల వరకు వారిని భోజనశాలలకు, నాటకశాలలకు రానీయకుండా అడ్డుకోవడం చట్టరీత్యా సాధ్యమయ్యేది.

చట్టంలో రెండు మాటలు కొట్టివేయడం తేలిక. నాలుకమీది మాటను కొట్టివేయడం కష్టం. కొన్ని దేశాలు ఆ పని కూడ ప్రయత్నించాయి. మలయా భాషలో ఈ వ్యాధికి 'పందిపిచ్చి' అన్న అర్థం వచ్చే పేరు వాడుకలో ఉండేది. దానిని విడిచి 'ఎపిలెప్సీ' అన్న అంతర్జాతీయ పదాన్నే తీసుకొన్నారు. కొరియాలో పాతపేరులో పిచ్చి అన్న ధ్వని ఉన్నదని వైద్యులు, రోగులు కలిసి, మెదడులోని విద్యుత్తును సూచించే కొత్త పేరును 21వ శతాబ్దం ఆరంభ దశాబ్దాలలో స్థిరపరచారు. తెలుగులో 'మూర్ఛ' అన్న మాటలో నింద లేదు. నింద దానిని పలికే తీరులో చేరింది. కాబట్టి తెలుగువారికి కొత్తపేరుతో పనిలేదు, పాతపేరును గొంతు తగ్గించకుండా పలికితే చాలును.

మందు అందుబాటులో ఉన్నా వాడనివారు ఎందరో ఉన్నారు. తాయెత్తులు, విభూతి, భూతవైద్యులచేత కొట్టించడం వంటి వాటితో కొన్ని కుటుంబాలు యేండ్లు గడుపుతాయి. గుడికో దర్గాకో వెళ్లడం తప్పని ఏ వైద్యుడూ అనడు. మొక్కు తీర్చుకొంటూనే మాత్ర వేసుకోవచ్చు. మాత్ర మానితేనే చిక్కు. బెంగుళూరుకు చెందిన నాడీవైద్యుడు డాక్టర్ కె.ఎస్. మణి ఆధ్వర్యంలో 1990లో కర్ణాటకలోని యళందూరు ప్రాంతపు పల్లెలలో ఒక ప్రయత్నం మొదలైంది. ఇల్లిల్లూ తిరిగి వ్యాధిగ్రస్తులను గుర్తించి, చవకగా దొరికే ఫినోబార్బిటాల్, ఫెనిటాయిన్ మందులతోనే చికిత్స చేశారు. పట్టుగా మందు వాడినవారిలో చాలామందికి మూర్ఛలు అదుపులోకి వచ్చాయి. ఖరీదైన యంత్రాలు లేకుండానే, పల్లెలోనే ఇది సాధ్యమని ఆ అనుభవం చూపింది.

కొన్ని హద్దులు మాత్రం నిజమైనవేనని ఒప్పుకోవాలి. మన దేశంలో వాహనం నడిపే అనుమతికోసం ఇచ్చే దరఖాస్తుపత్రంలో మూర్ఛ ఉన్నదా అని అడుగుతారు. నడుపుతుండగా మూర్ఛ వస్తే ఇతరుల ప్రాణాలకు కూడ ముప్పు కాబట్టి ఆ ప్రశ్నలో అన్యాయం లేదు. బ్రిటన్‌లో ఏడాదిపాటు మూర్ఛ రానివారికి కారు నడిపే అవకాశం ఇస్తారు. కారణం ఉన్న హద్దుకూ, కారణం లేని వెలివేతకూ తేడా తెలిస్తే చాలు. బస్సు నడపవద్దని చెప్పడం ఒకటి, బస్సులో పక్కన కూర్చోకపోవడం మరొకటి.

1992 ప్రపంచకప్ క్రికెట్ పోటీలో పాకిస్తాన్ ఆటగాడు ఇంజమాముల్ హక్‌ను అవుట్ చేయడానికి బంతితోసహా గాలిలోకి దూకి వికెట్లను పడగొట్టిన దక్షిణాఫ్రికా ఆటగాడు జాంటీ రోడ్స్‌ను ఎరుగని క్రికెట్ అభిమాని అరుదు. ఆయనకు మూర్ఛవ్యాధి ఉన్నదన్న సంగతి ఎరిగినవారు తక్కువ. ఆయన దానిని దాచలేదు. ఆ వ్యాధిగ్రస్తుల కోసం తన దేశంలోని సంస్థ తరపున మాట్లాడాడు కూడ. రష్యన్ నవలాకారుడు దొస్తొయెవ్‌స్కీ తనకున్న ఈ వ్యాధి అనుభవాన్ని 'ఇడియట్' నవలలో కథానాయకుడికి పంచి ఇచ్చాడు. అయితే గొప్పవారి పేర్లు చెప్పి ఊరడించడంలో ఒక లోపం ఉంది. గౌరవంగా బతకడానికి మూర్ఛవ్యాధిగ్రస్తుడు క్రికెటరో నవలాకారుడో కానక్కరలేదు. బ్యాంకులో గుమాస్తాగానో, బడిలో పంతులుగానో ఉండి, మధ్యాహ్నం భోజనం తరువాత అందరి ఎదుట మాత్ర వేసుకోగలిగితే చాలును.

ఇక కళాశాల తరగతిగదిలో ఒక విద్యార్థికి మూర్ఛ వచ్చిందనుకొందాం. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, ఉల్లిపాయో చెప్పో వాసన చూపించడం వల్ల ప్రయోజనం లేదు. మూర్ఛ సాధారణంగా ఒకటి రెండు నిమిషాలలో దానంతట అదే ఆగుతుంది. సరిగ్గా ఆ సమయానికి చేతిలో తాళాలుంటే ఆ కీర్తి తాళాలకు దక్కుతున్నది. పళ్లమధ్య చెంచాగాని, వేలుగాని పెట్టరాదు. పళ్లు విరుగుతాయి, వేలు తెగుతుంది. కొట్టుకొంటున్న కాళ్లు చేతులను అదిమిపట్టరాదు. బల్లలు పక్కకు జరిపి, తలకింద మెత్తని బట్ట ఉంచి, మెడదగ్గరి గుండీ వదులుచేయాలి. కదలికలు తగ్గగానే ఒక పక్కకు తిప్పి పడుకోబెడితే నురగ గొంతులోకి పోకుండా ఉంటుంది. పూర్తిగా తెలివి వచ్చేవరకు నీళ్లు తాగించరాదు. ఒకరు గడియారం చూడాలి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ మూర్ఛ మొదలైనా, గాయమైనా 108కి ఫోన్ చేయాలి.

వీటన్నిటితోపాటు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. చుట్టూ మూగిన గుంపును పంపివేయాలి. ఆ స్థితిని ఎవరూ సెల్‌ఫోన్లలో చిత్రించకుండా చూడాలి. దుస్తులు తడిసి ఉంటే ఒక దుప్పటి కప్పాలి. తెలివి వచ్చిన విద్యార్థికి కొంతసేపు అంతా మసకగా ఉంటుంది, అలసటగా ఉంటుంది. ఎక్కడ ఉన్నదీ తెలియదు. తెలిసిన తరువాత నోటివెంట వచ్చే తొలిప్రశ్న తరచుగా దెబ్బల గురించి ఉండదు, "ఎవరెవరు చూశారు?" అని ఉంటుంది. ఆ సమయంలో పక్కన కూర్చున్న స్నేహితుడు ఏమి జరిగిందో, ఎంతసేపు జరిగిందో మామూలు గొంతుతో చెప్పాలి. ఒంటరిగా వదలక, కాసేపు విశ్రాంతి తీసుకోనివ్వాలి. తేరుకొన్న తరువాత ఆ విద్యార్థి కోరుకొంటే మళ్లీ తన బల్ల దగ్గరకే వచ్చి కూర్చొని, పాఠం ఎక్కడ ఆగిందో అక్కడినుండి వినవచ్చు.

అభ్యాసం

వ్యాసరూప ప్రశ్నలు
మూర్ఛవ్యాధిపట్ల వివిధ ప్రాచీన సమాజాల దృక్పథం ఎట్లా ఉండేదో వివరించండి.
వ్యాధిని దాచడంవల్ల కలిగే నష్టాలను పాఠం ఆధారంగా చర్చించండి.

సంగ్రహరూప ప్రశ్నలు
అపస్మారపురుషుడు దేనికి సంకేతం?
1976, 1999 సంవత్సరాలలో వివాహచట్టాలలో వచ్చిన మార్పులు ఏవి?
కావ్యాలలోని మూర్ఛకూ, నేటి వ్యవహారంలోని మూర్ఛకూ గల భేదం ఏమిటి?

కింది పదాలను విడదీసి, సంధి పేరు తెలపండి: అత్యధికులు, నిస్సంకోచం, గమనార్హం.
కింది సమాసాలకు విగ్రహవాక్యాలు వ్రాయండి: మూగవ్యథ, పెళ్లిపందిరి, పూర్వజన్మ పాపం.